పాగన్ టారో డెక్‌లో అంత ఆకర్షణ దేనివల్ల? చెన్నై నుంచి ఒక ప్రశ్న

అడిగినవారు: తిరువాన్మియూర్ పాఠకురాలు

సభ్యులందరికీ నమస్కారం. నేను కొంతకాలంగా టారో, అంటే బొమ్మల కార్డులు పరిచి వాటిని బట్టి జోస్యం చదివే (రీడింగు చేసే) పద్ధతి, నేర్చుకుంటున్నాను. నా దగ్గర ఉన్నది చాలామంది మొదట కొనుక్కునే రైడర్-వెయిట్ డెక్కే. 78 కార్డుల (22 మేజర్, నాలుగు జాతుల్లో 56 మైనర్) అర్థాలూ చాలావరకు పట్టుబడ్డాయి. ఇంట్లోవాళ్లకూ, దగ్గరి స్నేహితులకూ రీడింగులు చేస్తూ ఉంటాను. ఈ మధ్య మా బృందంలో ఒకావిడ పాగన్ (యూరప్‌లో క్రైస్తవానికి ముందటి దేవతలనూ ప్రకృతినీ కొలిచే మతం) ఇతివృత్తంతో గీసిన డెక్ ఒకటి తెచ్చి చూపించారు. అప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది.

నా డెక్‌లో ఎంపరర్ (చక్రవర్తి) పొట్టేలు తలలు చెక్కిన రాతి సింహాసనం మీద, అంగీ కింద కవచం తొడుక్కుని కూర్చుంటాడు. ఆ డెక్‌లో అదే స్థానంలో చెట్టు బెరడులోంచి ఒక ముఖం చూస్తూ ఉంది. దాని గడ్డమూ మీసమూ ఆకులే. పెంటకిల్స్ (నక్షత్రం గుర్తున్న నాణేల జాతి) ఏస్‌లో మనకు అలవాటైన మేఘంలోంచి వచ్చే చెయ్యి లేదు. నాచు పట్టిన గుండ్రటి రాయి ఒకటి తడి నేల మీద ఉంది, దాని మీద నత్త పాకిన వెండి చార మెరుస్తూ ఉంది. చిత్రకారులు అంత చిన్న చార గీయడానికి శ్రద్ధ తీసుకున్నారంటే ఆ కార్డు గురించి వాళ్లు ఏదో ఆలోచించే ఉంటారని అనిపించింది.

ఇప్పుడు నా సందేహాలు. ఈ ఆకర్షణ బొమ్మల అందం వరకేనా, లేక ఇలాంటి డెక్‌తో చదివినప్పుడు రీడింగు కూడా నిజంగా మారుతుందా? మా ఇంట్లో పూజలూ వ్రతాలూ మామూలుగా జరుగుతాయి. అలాంటి నేను మరొకరి విశ్వాసానికి చెందిన డెక్‌ను వాడటం సముచితమేనా? అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్న ప్రశ్న మరొకటి ఉంది. ఆ డెక్ నిండా మంచు కురిసే చలికాలాలూ, ఆకులు రాలే శరత్తులూ ఉన్నాయి. చెన్నైలో కూర్చుని వాటిని ఎలా చదవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1: కార్డుల కట్ట

తిరువాన్మియూర్ పాఠకురాలు గారూ, బొమ్మల అందం వరకేనా అని దాన్ని తక్కువ చేయకండి. టారోలో మనం చదివేదే బొమ్మను కాబట్టి, బొమ్మ మారితే రీడింగు మారి తీరుతుంది. ఎలా మారుతుందో తెలియాలంటే ముందు మీ దగ్గరున్న డెక్‌ను వరసగా పరిచి, కొత్తవారు చూసినట్టు చూడండి. హైరోఫాంట్ (మతగురువు) కార్డులో ఆయన పాదాల దగ్గర అడ్డంగా పెట్టిన రెండు తాళంచెవులున్నాయి, ఎదుట ఇద్దరు మతాచార్యులు మోకరిల్లి ఉన్నారు. పాత ఇటాలియన్ డెక్‌లలో ఆ కార్డు పేరే పోప్. జడ్జిమెంట్‌లో దేవదూత బాకా ఊదుతుంటే శవపేటికల్లోంచి మనుషులు లేస్తున్నారు. అది క్రైస్తవులు నమ్మే తుది తీర్పు దినం. వరల్డ్ కార్డు నాలుగు మూలల్లో ఉన్న మనిషి, గద్ద, ఎద్దు, సింహం చర్చి చిత్రకళలో నలుగురు సువార్తికుల గుర్తులు. ఫైవ్ ఆఫ్ పెంటకిల్స్‌లో మంచులో కుంటుతూ పోతున్న ఇద్దరు నిరుపేదల వెనక వెలుగుతున్నది రంగుటద్దాల చర్చి కిటికీ. మనం ఈ డెక్‌కు ఎంత అలవాటు పడిపోయామంటే, ఇందులో ఒక మతం తాలూకు చట్రం ఉందన్న సంగతే గమనించం.

పాగన్ డెక్ చేసేవారు ఆ చట్రాన్ని తీసి, దాని స్థానంలో రుతువులనూ, నేలనూ, శరీరాన్నీ, చెట్టూ చేమనూ పెడతారు. దానితో అధికారం ఎక్కడి నుంచి వస్తుందన్న భావన మారుతుంది. మీ డెక్‌లో పైనుంచి ఎవరో తీర్పు చెబుతారు, ఎవరో ఆజ్ఞ ఇస్తారు, ఎవరో క్షమిస్తారు. ఆ డెక్‌లో ఏదో ఒకటి మొలుస్తుంది, పండుతుంది, కుళ్లి మళ్లీ ఎరువవుతుంది. ఉద్యోగం మానేసిన మనిషి వచ్చి తాను చేసింది సరైనదేనా అని అడిగినప్పుడు జడ్జిమెంట్ కార్డు పడితే, మొదటి డెక్‌తో చదివేవారి నోట తెలియకుండానే తీర్పు భాష వస్తుంది. అదే స్థానంలో విత్తనం చీల్చుకుని వస్తున్న మొలక ఉంటే, ఏది ముగిసింది, ఏది మొదలవుతోంది అన్న వైపు మాట నడుస్తుంది. నన్ను అడిగితే ఈ డెక్‌ల ఆకర్షణలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంది. తీర్పులు విని విసిగిన మనసుకు ఆ భాష హాయిగా ఉంటుంది.

అయితే డెవిల్ కార్డు దగ్గర మాత్రం మీరు ఆగి చూడాలి. పాగన్ డెక్ మంచిదో కాదో నేను ఆ ఒక్క కార్డును బట్టే అంచనా వేస్తాను. రైడర్-వెయిట్ డెవిల్‌కు మేక కొమ్ములు, గబ్బిలం రెక్కలు ఉంటాయి. ఎలిఫాస్ లేవీ అనే ఫ్రెంచి మాంత్రిక రచయిత 1850లలో గీసిన బాఫోమెట్ బొమ్మ దానికి మూలం. ఆ పీఠానికి ఒక స్త్రీనీ పురుషుణ్ణీ గొలుసులతో కట్టి ఉంచారు, కానీ ఆ గొలుసులు మెడలోంచి తీసేసుకోగలిగినంత వదులుగా ఉంటాయి. బానిసత్వం, వ్యసనం, తప్పించుకోగలిగీ తప్పించుకోకపోవడం అన్న అర్థాలు అక్కడి నుంచే వచ్చాయి. ఇక ఆధునిక పాగన్లలో, ముఖ్యంగా విక్కా అనే మంత్రసాధన సంప్రదాయంలో, పురుష దైవమే కొమ్ములున్న దేవుడు. 1891లో డెన్మార్క్‌లోని ఒక బురద నేలలో దొరికిన గుండెస్ట్రప్ వెండి పాత్ర మీద దుప్పి కొమ్ములతో, బాసిపట్టు వేసుకుని, చుట్టూ జంతువులతో కూర్చున్న రూపం ఒకటి ఉంది. దాన్ని సాధారణంగా కెర్నునోస్ అనే కెల్టిక్ దేవతగా గుర్తిస్తారు. అది చూస్తే మనవాళ్లకు మొహెంజొదారో పశుపతి ముద్ర గుర్తుకు రావడం సహజం, కానీ ఆ రెంటికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చేయలేదు.

అంటే డెక్ చేసేవారి ముందు ఒక చిక్కు ఉంది: తాము పూజించే రూపం కొమ్ములతో ఉంటే, డెవిల్‌ను ఏం చేయాలి? కొందరు ఆ కార్డును కొమ్ముల దేవుడికే ఇచ్చేస్తారు. 2004లో వచ్చిన డ్రూయిడ్‌క్రాఫ్ట్ డెక్‌లో అక్కడ ఉన్నది కెర్నునోసే. అప్పుడు అర్థం బంధనం నుంచి దేహశక్తి వైపు, కోరిక వైపు జరుగుతుంది. ఇంకొందరు దేవుణ్ణి అందులోకి లాగకుండా, మామూలు మనిషి వ్యసనాన్ని చూపిస్తారు. నాకు రెండో పద్ధతే నచ్చుతుంది. తాగుడు మానలేక అవస్థ పడుతున్న వ్యక్తి ఎదుట కూర్చున్నప్పుడు, గట్టిగా హెచ్చరించగల కార్డు డెక్‌లో ఉండాలి. దాన్ని ప్రకృతి శక్తిగా మెత్తబరిస్తే ఆ మనిషికి మేలు జరగదు. మీరు చూసిన డెక్‌లో 15వ కార్డు ఎలా ఉందో వీలైతే చెప్పండి.

ఇంకొక సంగతి. విక్కా పూజాపీఠం మీద ఉండే నాలుగు ముఖ్య పరికరాలు కత్తి, దండం, పాత్ర, పెంటకిల్. టారోలోని నాలుగు జాతులూ (పేకలో ఇస్పేటు, ఆటీను లాంటివి) అవే. ఇది యాదృచ్ఛికం కాదు. జాతులు పాతవే అయినా, విక్కా పరికరాలూ, రైడర్-వెయిట్ డెక్‌లో ఆ జాతులకు ఇచ్చిన అర్థాలూ 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే రహస్య సంఘం పద్ధతుల నుంచి తీసుకున్నవే. అందువల్ల పాగన్ సాధకులకు ఈ డెక్ పరాయి వస్తువుగా అనిపించదు, తమ పీఠమే కార్డుల్లోకి వచ్చినట్టు ఉంటుంది.

జవాబు 2: బీసెంట్ నగర్ వాసి

పై జవాబు చాలా బాగుంది. దానికి చరిత్ర వైపు నుంచి కొంత చేర్చాలి, ఎందుకంటే ఈ డెక్‌ల పెట్టెల మీద ప్రాచీన జ్ఞానం, వేల ఏళ్ల రహస్యం అన్న మాటలు తరచుగా కనిపిస్తాయి. అవి నమ్మి కొంటే తరువాత నిరాశ కలుగుతుంది.

టారో పుట్టుకలో పాగన్ మతం లేదు. పేకముక్కలు 14వ శతాబ్దంలో ఈజిప్టు మమ్లూకుల నుంచి యూరప్‌కు చేరాయి. ఆ పేకలో కప్పులు, నాణేలు, కత్తులు, పోలో కర్రలు ఉండేవి. పోలో తెలియని ఇటలీలో ఆ కర్రలు దండాలయ్యాయి. 1440ల నాటికి ఉత్తర ఇటలీలో ఆ పేకకు బొమ్మల తురుపు ముక్కలు చేర్చి ఒక ఆట ఆడేవారు, అదే టారో. మిలాన్ ప్రభువులైన విస్కోంటి, స్ఫోర్జా కుటుంబాల కోసం బంగారు రేకు అద్ది చేయించిన ముక్కలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. ఇది ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని 1781లో ఫ్రాన్స్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబెలాన్ ప్రకటించాడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదవగలిగినవారే లేరు, ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ దాన్ని ఛేదించింది 1822లో. అయినా ఆ మాట పాతుకుపోయింది, జోస్యానికి కార్డులు వాడటం అక్కడి నుంచే విస్తరించింది.

ఆధునిక పాగన్ మతం కూడా చాలావరకు 20వ శతాబ్దపు నిర్మాణమే. బ్రిటన్‌లో మంత్రవిద్య చట్టం 1951లో రద్దయింది, 1954లో జెరాల్డ్ గార్డనర్ అనే ఆంగ్లేయుడు తన పుస్తకం ద్వారా విక్కాను లోకానికి పరిచయం చేశాడు. తాము యూరప్‌లో క్రైస్తవానికి ముందు నుంచీ గుట్టుగా కొనసాగిన మతానికి వారసులమని ఆయన నమ్మాడు. దానికి ఆధారం మార్గరెట్ ముర్రే అనే బ్రిటిష్ పండితురాలు 1921లో ప్రతిపాదించిన సిద్ధాంతం. చరిత్రకారులు దాన్ని ఇప్పుడు అంగీకరించడం లేదు.

చెన్నైవాళ్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి ఇందులో ఉంది. 1882 నుంచి అడయారులో ఉన్న దివ్యజ్ఞాన సమాజానికి (థియోసాఫికల్ సొసైటీ) 1907 నుంచి 1933 వరకు అనీ బీసెంట్ అధ్యక్షురాలు. మా పేట పేరు ఆమెదే. ఆమె కుమార్తె మేబెల్ బీసెంట్-స్కాట్, ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర నడిచిన ఒక రోజిక్రూషియన్ (రహస్య ఆధ్యాత్మిక సంప్రదాయపు) బృందంలో ముఖ్యురాలు. 1930ల చివర గార్డనర్ చేరింది ఆ బృందంలోనే. తనను మంత్రసాధనలోకి తీసుకున్నవారు అక్కడే పరిచయమయ్యారని ఆయన చెప్పుకున్నాడు. అంతకుముందు ఆయన సిలోన్‌లో తేయాకు తోటల్లో, తరువాత మలయాలో ఏళ్ల తరబడి పనిచేశాడు. కాబట్టి ఈ మతం ఏ ప్రభావమూ సోకని యూరప్ అడవిలో పుట్టిందని అనుకోనవసరం లేదు. అందులో మన వైపు గాలి కూడా కొంత ఉంది.

అయినా నాకు ఈ డెక్‌ల మీద గౌరవం తగ్గలేదు. వయసు తక్కువైనంత మాత్రాన ఒక పూజావిధానం అబద్ధమైపోదు. కొని వాడండి, పెట్టె మీద రాసినదాన్ని మాత్రం చరిత్రగా తీసుకోకండి. సముచితమా అన్న మీ ప్రశ్నకు కూడా నా జవాబు ఇందులోనే ఉంది. విక్కాలో దీక్ష తీసుకున్నవారికే పరిమితమైన కర్మలు ఉన్నాయి, కానీ కార్డులు వాటిలోకి రావు. డెక్ రూపొందించినవారే అందరి కోసం అచ్చువేసి అమ్ముతున్నారు.

జవాబు 3: గీతలూ రంగులూ

నేను పుస్తకాలకు బొమ్మలు వేసే వృత్తిలో ఉన్నాను, కాబట్టి ఒక్క మాట. రైడర్-వెయిట్ అన్న పేరులో రైడర్ ప్రచురణకర్త, వెయిట్ ఆలోచన చెప్పినవాడు. 1909లో ఆ బొమ్మలన్నీ గీసిన పమేలా కోల్మన్ స్మిత్ పేరు అందులో లేదు. అంతకుముందు వచ్చిన చాలా డెక్‌లలో మైనర్ జాతుల సంఖ్య కార్డుల మీద మన పేకముక్కల్లాగే గుర్తులు మాత్రమే ఉండేవి. ఆ 40 సంఖ్య కార్డుల్లో చాలావాటిలో మనుషులనూ సంఘటనలనూ పెట్టింది ఆవిడే. మీరు మెచ్చుకుంటున్న నత్త చార కూడా ఆవిడ తెరిచిన దారిలోంచే వచ్చింది. చేసిన పనికి చాలా తక్కువ డబ్బు వచ్చిందని ఆవిడ ఒక మిత్రుడికి ఉత్తరంలో రాసుకున్నారు. దయచేసి ఇక మీదట రైడర్-వెయిట్-స్మిత్ అని రాయండి.

కొనేటప్పుడు నకళ్ల విషయంలో జాగ్రత్త. ధర మరీ తక్కువగా ఉండి, పుస్తకానికి బదులు క్యూఆర్ కోడ్ ఇచ్చి, కార్డులు అసలు కొలత కన్నా చిన్నగా ఉంటే అది నకలు కావడానికే అవకాశం ఎక్కువ. అలాంటి ముద్రణలో ఆకుపచ్చలన్నీ ఒకే బురదరంగులోకి దిగిపోతాయి. పాగన్ డెక్‌లో ఆకుపచ్చలు పోతే ఇక మిగిలేదేమీ ఉండదు. సముద్రం దగ్గర ఇల్లు కాబట్టి కార్డులను గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, తేమకు విల్లులా వంగిపోతాయి.

జవాబు 4: మృగశిర కార్తె

రుతువుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నా దృష్టిలో మీ ప్రశ్నల్లో అసలైనది అదే.

చాలా పాగన్ డెక్‌లకు వెన్నెముక సంవత్సర చక్రం. అందులో ఎనిమిది పండుగలు ఉంటాయి. అక్టోబరు చివర సావిన్, ఫిబ్రవరి మొదట ఇంబోల్క్, మే మొదట బెల్టేన్, ఆగస్టు మొదట లూనసా అనేవి ఐర్లండ్ వైపు నుంచి వచ్చినవి. రెండు అయనాంతాలూ రెండు విషువత్తులూ (పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు) వీటి మధ్యన చేరాయి. 2011లో వచ్చిన వైల్డ్‌వుడ్ డెక్ మొత్తం ఈ చక్రం మీదే కూర్చబడింది. అందులో బాణాలు వసంతానికి, విల్లులు వేసవికి, పాత్రలు శరత్తుకు, రాళ్లు చలికాలానికి చెందుతాయి. కోర్టు కార్డుల్లో రాజులుగా, రాణులుగా మనుషుల బొమ్మలు లేవు, కొంగలూ సాల్మన్ చేపలూ ఇతర జంతువులూ ఉన్నాయి. చక్కటి ఏర్పాటు. కానీ అది బ్రిటిష్ నేల గురించి చెబుతున్న మాట.

చెన్నైలో ఏం జరుగుతుందో చూడండి. బెల్టేన్ అక్కడ పూలకూ కోరికకూ పండుగ. ఇక్కడ మే మొదటి వారంలో కత్తిరి ఎండలు మొదలవుతాయి, మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా కనిపించదు. సావిన్ అక్కడ చీకటిలోకి, ఎండిపోవడంలోకి ప్రవేశం. ఇక్కడ సరిగ్గా అప్పుడే ఈశాన్య రుతుపవనాలు వచ్చి చెరువులు నిండుతాయి. డిసెంబరు అక్కడ భూమి గడ్డకట్టి నిద్రపోయే కాలం. ఇక్కడ ధనుర్మాసం, తెల్లవారుజామున ముగ్గులు కనిపించే, తిరుప్పావై వినిపించే నెల, ఊళ్లలో వరి కోతకు వస్తున్న సమయం. ఆస్ట్రేలియాలోని పాగన్లు ఈ చక్రాన్ని ఆరు నెలలు తిప్పి, యూల్‌ను (చలికాలపు అయనాంతం పండుగ) జూన్‌లో జరుపుకుంటారు. మనకు ఆ ఉపాయం కూడా కుదరదు, మన కాలాల నడకే వేరు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, యూల్ మంటను భోగి మంట అనీ, సావిన్‌ను మహాలయ పక్షం అనీ అనువదించుకుంటూ పోవడం. పోలిక ఉంది, కాదనను. యూల్ పొద్దు మళ్లే రోజు. మన సంక్రాంతి కూడా ఒకప్పుడు దాని దగ్గరే ఉండేది, విషువత్తుల చలనం వల్ల శతాబ్దాల మీద జనవరి 14 దాకా జరిగింది. పితృదేవతలను తలచుకోవడం రెండు చోట్లా ఉంది. అయినా ఈ దారిలో వెళితే కొన్నాళ్లకు ఆ డెక్ చెప్పే కొత్త మాటేదీ మీకు వినబడదు, అంతా మనకు ముందే తెలిసినట్టు ఉంటుంది. అప్పుడు ఆ డెక్ కొనడం దేనికి?

రెండో దారి, కార్డులోని కాలాన్ని తేదీగా తీసుకోకుండా దశగా తీసుకోవడం. రాళ్ల జాతి కార్డు పడితే అది డిసెంబరు అని అర్థం కాదు. పైకి ఏమీ కనిపించకుండా లోపల శక్తి దాచుకునే స్థితి అని అర్థం. మన నేలలో ఆ స్థితి రోహిణి కార్తెలో వస్తుంది, దుక్కి ఎండి రాయిలా అయిపోయి తొలకరి కోసం చూస్తుంది. ఆ నేల మీకు తెలుసు కాబట్టి ఆ కార్డు భావం మీకు అందుతుంది. బొమ్మలోని మంచు మాత్రం మంచుగానే ఉండనివ్వండి. అది వేరే చోటి నుంచి వచ్చిందన్న ఎరుక ఉన్నప్పుడే దాన్ని శ్రద్ధగా చదువుతాం. నేను రీడింగు చేసేటప్పుడు ఎదుటివారిని అడిగే మొదటి ప్రశ్న ఇదే: మీ విషయం ఇప్పుడు విత్తే దశలో ఉందా, ఎదిగే దశలోనా, కోసే దశలోనా, బీడు పెట్టిన దశలోనా? ఏసీ గదుల్లో పుట్టి పెరిగినవారు కూడా ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెబుతారు. పాగన్ డెక్ వల్ల నాకు దొరికిన గొప్ప లాభం ఈ ప్రశ్నే. మామూలు డెక్‌తో ఎన్నాళ్లు చదివినా ఇలా అడగాలని నాకు తోచలేదు.

ఆరోగ్యం గురించీ, కోర్టు వ్యవహారాల గురించీ మాత్రం ఏ డెక్‌తోనూ జవాబు చెప్పకండి. డాక్టరు దగ్గరకూ, వకీలు దగ్గరకూ పంపండి.

తిరువాన్మియూర్ పాఠకురాలు

అందరికీ కృతజ్ఞతలు. కార్డుల కట్ట గారూ, మీరు అడిగారని ఆవిడకు ఫోన్ చేసి కనుక్కున్నాను. 15వ కార్డులో కొమ్ముల దేవుడు లేడట. అర్ధరాత్రి చీకటి గదిలో ఒక యువకుడు ఫోన్ వెలుగులో కూర్చుని ఉంటాడట, కిటికీ అవతల పౌర్ణమి చంద్రుడు, అతను అటు చూడటం లేదు. మీ లెక్క ప్రకారం అది మంచి డెక్కే అనుకుంటాను. మృగశిర కార్తె గారి ప్రశ్నను నా పాత డెక్‌తోనే ఈ వారం నుంచి వాడి చూస్తాను. చివరిగా ఒక చిన్న సందేహం. ఆ డెక్‌లో స్ట్రెంగ్త్ 11వ కార్డుగా, జస్టిస్ 8వ కార్డుగా ఉన్నాయట. నా డెక్‌లో అవి తారుమారుగా ఉన్నాయి. ఇది అచ్చుతప్పా?

కార్డుల కట్ట

అచ్చుతప్పు కాదండీ. మార్సెయ్ అనే పాత ఫ్రెంచి తరహా డెక్‌లలో జస్టిస్ 8, స్ట్రెంగ్త్ 11. గోల్డెన్ డాన్ సంఘం రాశుల వరసతో కార్డులను జత చేసినప్పుడు, సింహరాశికి స్ట్రెంగ్త్, తులారాశికి జస్టిస్ సరిపోవాలని ఆ రెంటినీ మార్చింది. వెయిట్ అదే పాటించాడు. మీరు చూసిన డెక్ చేసినవారు పాత వరసకు వెళ్లారు. సంఖ్యలను బట్టి చదివే అలవాటు ఉంటే ఆ రెండు కార్డుల దగ్గర మాత్రం ఆ డెక్ పుస్తకాన్ని అనుసరించండి, మిగిలిన 20 మేజర్ కార్డుల వరస సాధారణంగా మీకు తెలిసినదే ఉంటుంది. ఆ ఫోన్ వెలుగు కార్డు గురించి విన్నాక నాకు కూడా ఆ డెక్ చూడాలని ఉంది, పేరు కనుక్కుని ఇక్కడ రాయండి.